ఆకర్షణకు రెండే కొలతలు

నెల్లూరు తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు ముందుకు వస్తుంది, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. మైపాడులోనైనా, కోడూరులోనైనా పోటు వేళ, పాటు వేళ తెలియని మత్స్యకారుడు ఉండడు. అదే తీరం వెంట దక్షిణానికి వెళితే పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి కనిపిస్తుంది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న ఆ దీవి నుండి వందల టన్నుల రాకెట్లు ఆకాశానికి లేస్తున్నాయి. సముద్రపు నీటిని కదిలించే శక్తి, రాకెట్టును క్రిందికి లాగే శక్తి రెండూ ఒకటే. దానినే గురుత్వాకర్షణ అంటున్నాము.

ఆ శక్తి ఎక్కడ ఎంత ఉంటుంది, దేనిని బట్టి పెరుగుతుంది, దేనిని బట్టి తగ్గుతుంది అనే ప్రశ్న బడిపిల్లల పరీక్షతో ముగిసేది కాదు. గ్రహణం రోజున గర్భిణిని చీకటి గదిలో కూర్చోబెట్టే ఇంటికి ఈ ప్రశ్నతో సంబంధం ఉంది. పున్నమి నాడు సునామీ వస్తుందన్న వార్తను ఫోనులో పదిమందికి పంపే ఇంటికి సంబంధం ఉంది. పండుగ రోజున పిల్లలతో సముద్రతీరానికి వెళ్ళే ఇంటికీ ఉంది. ఆకాశంలోని వస్తువులు మన మీద ఎంత ప్రభావం చూపగలవో తూచి చూసే సాధనాన్ని అల్లాహ్ మానవుని బుద్ధికి అందుబాటులో ఉంచాడు. దానిని వాడుకోకపోతే ఆ స్థానాన్ని భయం ఆక్రమిస్తుంది.

సూత్రం ఇంతే

1687లో ఐజాక్ న్యూటన్ తన ‘ప్రిన్సిపియా’ గ్రంథంలో ప్రకటించిన నియమాన్ని రెండు వాక్యాలలో చెప్పవచ్చు. ఒకటి: ఏ రెండు వస్తువులైనా ఒకదానినొకటి ఆకర్షించుకుంటాయి, వాటిలోని పదార్థం, అంటే ద్రవ్యరాశి, ఎంత ఎక్కువైతే ఆకర్షణ అంత ఎక్కువ. రెండు: వాటి మధ్య దూరం పెరిగే కొద్దీ ఆకర్షణ ఆ దూరపు వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది.

మొదటి మాటను లెక్కలో చూద్దాము. ఒక వస్తువు ద్రవ్యరాశి రెండింతలైతే ఆకర్షణ రెండింతలవుతుంది. రెండు వస్తువులూ రెండింతలైతే ఆకర్షణ నాలుగింతలవుతుంది. రెండవ మాట మరింత పదునైనది. దూరం రెండింతలైతే ఆకర్షణ సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. దూరం మూడింతలైతే తొమ్మిదో వంతు, పదింతలైతే నూరో వంతు. ఈ దూరాన్ని వస్తువుల ఉపరితలాల నుండి కాక కేంద్రాల నుండి కొలవాలి. నెల్లూరు వీధిలో నిలుచున్న మనిషికీ భూమికీ మధ్య దూరం సున్నా అనుకోరాదు. భూకేంద్రం వరకు ఉన్న సుమారు 6,370 కిలోమీటర్లు ఆ దూరం.

ఈ రెండింటికి మించి మరేదీ ఈ లెక్కలో లేదు. రంగు, వేడి, ఆకారపు అందం, వస్తువుకు మనం పెట్టుకున్న పేరు, దాని మీద మనకున్న భయం, భక్తి ఏవీ ఆకర్షణను పెంచలేవు, తగ్గించలేవు.

మరి ఇద్దరు మనుషులు ప్రక్కప్రక్కన కూర్చుంటే ఒకరినొకరు లాగుకోవాలి కదా అని పిల్లలు అడుగుతారు. లాగుకుంటారు. అయితే 60 కిలోల మనుషులిద్దరు ఒక మీటరు దూరంలో ఉంటే వారి మధ్య ఆకర్షణ, మైపాడు తీరంలో పావు మిల్లీమీటరు మందమున్న ఒక ఇసుక రేణువు బరువుతో సమానం. అంత స్వల్పమైన దానిని శరీరం గుర్తించలేదు. కాని ప్రయోగశాలలో గుర్తించవచ్చని ఇంగ్లాండులో హెన్రీ కావెండిష్ 1797–98లో నిరూపించారు. సన్నని తీగకు వ్రేలాడదీసిన కర్రకు రెండు కొసల చిన్న సీసపు గుండ్లు కట్టి, వాటి దగ్గరకు ఒక్కొక్కటి 158 కిలోల పెద్ద సీసపు గుండ్లను తెచ్చి, తీగ ఎంత మెలిపడిందో కొలిచారు. ఆ చిన్న మెలిక నుండే భూమి సాంద్రత తెలిసింది. భూమి మొత్తం తూకం వేసినట్లయింది.

ఇక్కడ ఇంకొక సందేహం వస్తుంది. ద్రవ్యరాశి ఎక్కువైతే ఆకర్షణ ఎక్కువ గదా, మరి 25 కిలోల బియ్యపు మూట ఒక కిలో పొట్లం కన్నా 25 రెట్లు వేగంగా పడాలి కదా? పడదు. భూమి ఆ మూటను 25 రెట్లు ఎక్కువగా లాగుతున్న మాట నిజమే. కాని ఆ మూటను కదిలించడం కూడా 25 రెట్లు కష్టం. రెండూ సరిగ్గా సరిపోతాయి. గాలి అడ్డు లేకపోతే రెండూ ఒకేసారి నేలను తాకుతాయి.

ఈ ఆకర్షణ పరస్పరం కూడా. భూమి పొట్లాన్ని ఎంత బలంతో లాగుతుందో, పొట్లం భూమిని అంతే బలంతో లాగుతుంది. పొట్లం కదులుతుంది, భూమి కదిలినట్లు కనిపించదు. భూమి ద్రవ్యరాశి అపారం కావడమే దానికి కారణం.

త్రాసు చెప్పేది, స్ప్రింగు కాటా చెప్పేది

వాడుకలో ద్రవ్యరాశిని, బరువును ఒకటిగా మాట్లాడుకుంటాము. నిజానికి ద్రవ్యరాశి అంటే వస్తువులో ఉన్న పదార్థం. బరువు అంటే ఆ పదార్థం మీద భూమి చూపే లాగుడు. ఈ తేడాను రెండు రకాల తూనికలు చక్కగా చూపిస్తాయి. స్ప్రింగు కాటా లాగుడును కొలుస్తుంది. రెండు పళ్ళేల త్రాసు మాత్రం ఒక పళ్ళెంలోని సరకును మరొక పళ్ళెంలోని రాళ్ళతో పోల్చుతుంది. ఒక కిలో చక్కెరను చంద్రుని మీదకు తీసుకుపోతే స్ప్రింగు కాటా దాదాపు 165 గ్రాములే చూపిస్తుంది. త్రాసు అక్కడ కూడా ఒక కిలో అనే చెబుతుంది. ఎందుకంటే లాగుడు రెండు పళ్ళేల మీద ఒకేలా తగ్గింది.

త్రాసు గురించి ఒక మహాగ్రంథాన్ని వ్రాసిన ముస్లిమ్ పండితుని ఇక్కడ స్మరించుకోవాలి. మర్వ్ నగరానికి చెందిన అబ్దుర్రహ్మాన్ అల్ ఖాజినీ 1121లో ‘కితాబు మీజానిల్ హిక్మహ్’ను పూర్తి చేశారు. వివేకపు త్రాసు గ్రంథం అని దాని అర్థం. లోహాల, రత్నాల కల్తీని నీటిలో తూచి పట్టుకునే పద్ధతులను ఆయన అందులో ఎంతో సూక్ష్మంగా వివరించారు. ఒక వస్తువు బరువు అది విశ్వకేంద్రం నుండి ఎంత దూరంలో ఉన్నదో దానిని బట్టి మారుతుందని కూడా ఆయన భావించారు. ఆ కాలపు అవగాహనలో విశ్వకేంద్రమంటే భూకేంద్రమే. బరువుకూ దూరానికీ సంబంధం ఉందని న్యూటన్‌కు ఐదున్నర శతాబ్దాల ముందే ప్రశ్న వేసుకోవడం గొప్ప విషయం.

అయితే ఈ గొప్పతనాన్ని చెప్పేటప్పుడు మనం సత్యాన్ని దాటిపోరాదు. దూరం పెరిగే కొద్దీ బరువు పెరుగుతుందని ఖాజినీ అనుకున్నారు. అది తలక్రిందులు, దూరం పెరిగితే ఆకర్షణ తగ్గుతుంది. గురుత్వాకర్షణను మనవాళ్ళే ముందు కనిపెట్టారని సభలలో చప్పట్ల కోసం చెప్పే మాట ఖాజినీకి గౌరవం కాదు. సరైన ప్రశ్నను వేసుకోవడం, చేతిలో ఉన్న సాధనంతో నిజాయితీగా తూచడం ఆయన మనకు ఇచ్చిన వారసత్వం. త్రాసు మీద గ్రంథం వ్రాసిన పెద్దమనిషి విషయంలో మన తూకం సరిగా ఉండాలి.

శ్రీహరికోట నేర్పే పాఠం

దూరాన్ని బట్టి ఆకర్షణ తగ్గుతుందంటే, కొంచెం పైకి పోతే అది మాయమైపోతుందని చాలామంది అనుకుంటారు. వ్యోమగాములు అంతరిక్ష కేంద్రంలో తేలుతూ కనిపించడం ఈ పొరపాటును బలపరుస్తుంది. లెక్క వేసి చూద్దాము. ఆ కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. భూకేంద్రం నుండి కొలిస్తే దూరం 6,370 నుండి 6,770 కిలోమీటర్లకు మాత్రమే పెరిగింది. అక్కడ ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో ఇంకా 88 శాతం ఉంటుంది. వ్యోమగామి తేలుతున్నది ఆకర్షణ లేక కాదు. అతడూ, అతడున్న కేంద్రమూ కలిసి భూమి చుట్టూ నిరంతరం పడుతూ ఉండటం వలన.

పడుతూ కూడా నేలను తాకకపోవడానికి కారణం వేగం. అడ్డంగా సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగంతో పోతున్న వస్తువు క్రిందికి పడేలోగా గుండ్రని భూమి కూడా దాని క్రింద వంగిపోతుంది. ఆ వేగాన్ని ఇవ్వడమే రాకెట్టు ప్రధానమైన పని. తూర్పు తీరంలోని దీవిని ఎన్నుకోవడంలో ఇదొక కారణం. భూమి పడమటి నుండి తూర్పునకు తిరుగుతున్నది కనుక శ్రీహరికోట నేల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు కదులుతూనే ఉంది. తూర్పుకు ఎగిరే రాకెట్టుకు అంత వేగం ఉచితంగా దొరుకుతుంది. పైగా దాని విడిభాగాలు జనం లేని బంగాళాఖాతంలో పడతాయి.

భూమి ఆకర్షణ ఎంత ఖరీదైనదో 1980 జూలై 18 చెబుతుంది. ఆ రోజు శ్రీహరికోట నుండి ఎస్‌ఎల్‌వి–3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. రాకెట్టు బరువు 17 టన్నులు. ఉపగ్రహం బరువు 35 కిలోలు. ఆ ప్రాజెక్టుకు డైరెక్టరు రామేశ్వరంలో ఒక పడవ యజమాని ఇంట పుట్టిన ఎ.పి.జె. అబ్దుల్ కలామ్. అంతకు ముందు సంవత్సరం, 1979 ఆగస్టు 10న, అదే రకం రాకెట్టు విఫలమై సముద్రంలో పడిపోయింది. కావలసిన వేగానికి చేరని వస్తువును భూమి తిరిగి తీసుకుంటుంది. ఆ లెక్కలో దయాదాక్షిణ్యాలు ఉండవు. కలామ్ బృందం కూడా భూమి మీద అలగలేదు. లోపాన్ని వెదకి సరిచేసి మళ్ళీ ఎగురవేసింది.

చంద్రయాన్–3 ప్రయాణంలో ద్రవ్యరాశి, దూరం రెండూ కలిసి ఆడే ఆట స్పష్టంగా కనిపిస్తుంది. 2023 జూలై 14న సుమారు 640 టన్నుల ఎల్‌వీఎం–3 రాకెట్టు 3,900 కిలోల నౌకను తీసుకుని శ్రీహరికోట నుండి లేచింది. నౌక నేరుగా చంద్రుని వైపు పోలేదు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇంజను మండించి, ఐదు విడతలుగా తన కక్ష్యను సాగదీసుకుంటూ పోయింది. ఆగస్టు 1న చంద్రుని దారి పట్టి, ఆగస్టు 5న చంద్రుని కక్ష్యలోకి చేరి, ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు నేలను తాకింది. 1969లో అపోలో–11 నాలుగు రోజులలో చేరిన గమ్యానికి ఇది నలభై రోజులు తీసుకుంది. బ్రహ్మాండమైన రాకెట్టు లేనివారు భూమి ఆకర్షణతో పెనుగులాడకుండా దానితోనే మెలగి నెమ్మదిగా బయటపడిన పద్ధతి ఇది.

ఆ దారిలో ఒక చోట భూమి లాగుడూ చంద్రుని లాగుడూ సమానమవుతాయి. భూమి ద్రవ్యరాశి చంద్రునికి 81 రెట్లు. 81కి వర్గమూలం 9. కనుక చంద్రుని నుండి ఉన్న దూరానికి తొమ్మిది రెట్లు దూరంలో భూమి ఉన్నప్పుడు రెండూ సరిపోతాయి. అంటే దారిలో పది వంతులలో తొమ్మిది వంతులు, సుమారు 3,46,000 కిలోమీటర్లు, భూమి లాగుడుదే పైచేయి. తొమ్మిదో తరగతి పిల్లవాడు కాగితం మీద చేయగల లెక్క ఇది.

చంద్రుని మీద బరువు ఆరో వంతే ఎందుకు, ఎనభై ఒకటో వంతు ఎందుకు కాదు అన్నది కూడా ఇలాగే తెలుస్తుంది. చంద్రుని ద్రవ్యరాశి 81 రెట్లు తక్కువ. కాని చంద్రుడు చిన్నవాడు కనుక అక్కడ నిలుచున్నవాడు కేంద్రానికి చాలా దగ్గరగా, 1,737 కిలోమీటర్ల దూరంలోనే ఉంటాడు. ద్రవ్యరాశి వలన పోయిన దానిలో చాలా భాగాన్ని దూరం తిరిగి ఇచ్చింది. ఎప్పుడూ రెండు కొలతలనూ కలిపి చూడాలి. ఒకదానితో తీర్పు చెప్పరాదు.

పోటు, పాటు, హిజ్రీ తేదీ

ఇప్పుడు మళ్ళీ తీరానికి వద్దాము. పోటుపాట్లకు చంద్రుడే ముఖ్య కారణమని వింటాము. అయితే సూర్యుని ద్రవ్యరాశి చంద్రునికి 2.7 కోట్ల రెట్లు. దూరం 390 రెట్లు ఎక్కువైనా, లెక్క వేస్తే భూమిని సూర్యుడు చంద్రుని కన్నా సుమారు 178 రెట్లు ఎక్కువగా లాగుతున్నాడు. మరి సముద్రం చంద్రుని మాట ఎందుకు వింటుంది?

పోటును లేపేది మొత్తం లాగుడు కాదు, లాగుడులో తేడా. చంద్రుని వైపు ఉన్న నీరు చంద్రునికి దగ్గర. భూకేంద్రం కొంచెం దూరం. అవతలి వైపు నీరు ఇంకా దూరం. దగ్గరి నీటిని చంద్రుడు ఎక్కువగా, అవతలి నీటిని తక్కువగా లాగుతాడు. ఈ రెండింటి మధ్య తేడా సుమారు 7 శాతం. దానివలన ఇవతల ఒక ఉబ్బు, అవతల ఒక ఉబ్బు ఏర్పడి రోజుకు రెండు పోట్లు వస్తాయి. సూర్యుడు ఎంతో దూరాన ఉన్నాడు కనుక భూమి ఈ కొసకూ ఆ కొసకూ ఆయన లాగుడులో తేడా పదివేలలో రెండు వంతులు కూడా ఉండదు. అందువలన సూర్యుని పోటు చంద్రుని పోటులో సగానికి తక్కువే.

అమావాస్యకు, పున్నమికి సూర్యచంద్రులు ఒకే వరుసలోకి వస్తారు. రెండు పోట్లూ కలుస్తాయి. ఒకటి రెండు రోజుల తరువాత తీరంలో పెద్ద పోటు, పెద్ద పాటు కనిపిస్తాయి. అర్ధచంద్రుని రోజులలో ఒకదాని బలాన్ని మరొకటి కొంత తగ్గిస్తుంది; నీరు అంతగా ఎక్కదు, అంతగా దిగదు.

హిజ్రీ క్యాలెండరు గోడకు ఉన్న ఇంట్లో దీనిని తెలుసుకోవడానికి వేరే పట్టిక అవసరం లేదు. నెలవంక కనిపించి నెల మొదలైన తొలి రెండు మూడు రోజులూ, అయ్యామె బీజ్ ఉపవాసాలుండే 13, 14, 15 తేదీలూ, వాటిని అనుసరించి వచ్చే ఒకటి రెండు రోజులూ పెద్ద పోటు కాలం. 7, 8 తేదీల ప్రాంతంలోను, 22, 23 తేదీల ప్రాంతంలోను చిన్న పోటు కాలం. పోటు వేళ ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటుంది. చంద్రుడు కూడా ఆకాశంలో అంత ఆలస్యంగా వస్తాడు కాబట్టి.

దీనినుండి ప్రతి కుటుంబానికీ అవసరమైన ఒక విషయం బయటపడుతుంది. ఈదుల్ ఫిత్ర్ షవ్వాల్ 1వ తేదీన వస్తుంది. అంటే ప్రతి సంవత్సరమూ, ఏ ఋతువులో వచ్చినా, అది పెద్ద పోటుపాట్ల రోజే. నమాజు, విందు ముగించుకుని పిల్లలతో, యువకులతో తీరానికి వెళ్ళేది కూడా ఆ రోజుననే. నెల్లూరు తీరంలో పోటుకూ పాటుకూ నీటి ఎత్తులో తేడా పెద్ద రోజులలో కూడా మీటరు అటూఇటూగానే ఉంటుంది. ఖంబాత్ సింధుశాఖలో వలె పది మీటర్లు లేవదు. కాబట్టి నీటి ఎత్తు చూసి భయపడనవసరం లేదు. జాగ్రత్త పడవలసింది నీటి వేగం గురించి. పెన్నా నది సముద్రంలో కలిసే చోట, ఉప్పుటేరుల మొగల దగ్గర, పాటు వేళ లోపలి నీరంతా ఇరుకు దారిలో సముద్రంలోకి పరుగెత్తుతుంది. ఈత వచ్చినవారిని కూడా అది ఈడ్చుకుపోగలదు. అటువంటి చోట పిల్లలను నీటిలోకి దింపరాదు. అలలు విరిగే తీరంలో నీరు లోపలికి లాగుతుంటే దానికి ఎదురీదరాదు. తీరానికి సమాంతరంగా ప్రక్కకు ఈది, లాగుడు తగ్గిన తరువాత ఒడ్డుకు రావాలి. పండుగ సంతోషం ఇంటికి క్షేమంగా తిరిగి రావడానికి ఈ మాత్రం జ్ఞానం చాలు.

చంద్రుని గమనానికీ సముద్రానికీ ఉన్న ఈ సంబంధాన్ని మన దేశంలో పరిశీలించి వ్రాసినవారిలో అల్ బీరూనీ ఉన్నారు. వేయి సంవత్సరాల క్రితం సంస్కృతం నేర్చుకుని భారతదేశం గురించి గ్రంథం వ్రాసిన ఆ పండితుడు, సోమనాథ తీరంలోని పోటుపాట్లను ప్రస్తావించారు. చంద్రుని ఉదయాస్తమయాలను బట్టి రోజువారీ పోటును, వృద్ధిక్షయాలను బట్టి నెలవారీ పోటును ఇక్కడి పండితులు లెక్కిస్తారని ఆయన నమోదు చేశారు. భౌతిక కారణం తెలియడానికి న్యూటన్ వరకు ఆగవలసి వచ్చింది.

వదంతులను తూచి చూద్దాము

2004 డిసెంబర్ 26న సునామీ నెల్లూరు తీరాన్ని కూడా తాకింది. ఆ రోజు పున్నమి. చంద్రుడే సముద్రాన్ని లాగి మీదకు తోశాడన్న మాట అందువలన పుట్టింది. పున్నములు సంవత్సరానికి పన్నెండో పదమూడో వస్తాయి. వాటిలో ఏ పున్నమి పోటూ ఊళ్ళను ముంచలేదు. ఆ అల లేచింది సుమత్రా తీరం దగ్గర సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో వచ్చిన భూకంపం వలన. పోటు గంటల తరబడి మెల్లగా ఎక్కుతుంది. సునామీ నిమిషాలలో మీదపడుతుంది. చంద్రుడు భూమికి బాగా దగ్గరగా వచ్చిన నెలలలో పోటు బలం, బాగా దూరంగా ఉన్న నెలలతో పోలిస్తే సుమారు 40 శాతం పెరగవచ్చు. మన తీరంలో అది అడుగు ఎత్తు వ్యవహారమే. సునామీ గురించి నిజమైన హెచ్చరిక కావాలంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 నుండి పనిచేస్తున్న హెచ్చరిక కేంద్రం ఉంది. పేరు లేని ఫోను సందేశాన్ని పంపించే ముందు ఆ కేంద్రం ఏమి చెప్పిందో చూడడం విశ్వాసి బాధ్యత. విన్న ప్రతి మాటనూ విచారించకుండా వ్యాపింపజేయరాదని సూరా హుజురాత్ మనకు నేర్పుతున్నది.

1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి వలన ప్రళయం వస్తుందని దేశమంతా వణికిపోయింది. ఏమీ జరగలేదు. గ్రహాలు వరుస కట్టినా వాటి దూరాలు తగ్గిపోవు. కోట్ల కిలోమీటర్ల దూరాన్ని వర్గం చేసి భాగించిన తరువాత మిగిలేది అతి స్వల్పం. కుజదోషం పేరుతో ఎన్ని సంబంధాలు తప్పిపోతున్నాయో మన చుట్టూ చూస్తున్నాము. కుజుడు, అంటే అంగారక గ్రహం, ద్రవ్యరాశిలో భూమికి సుమారు పదో వంతు. భూమికి అత్యంత సమీపంగా వచ్చినప్పుడు కూడా 5.5 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పుట్టిన బిడ్డకు నలభై సెంటీమీటర్ల దూరంలో నిలిచిన 60 కిలోల నర్సు, ఆ బిడ్డను అంగారకుని కన్నా ఎక్కువగా లాగుతుంది. పైగా ఏ గ్రహమైనా బిడ్డనూ, తల్లినీ, మంచాన్నీ, భూమినీ ఒకేలా లాగుతుంది. ఎవరి తలరాతనూ వేరు చేసి లాగదు.

ఇది ఇరుగుపొరుగువారిని ఎత్తిపొడవడానికి చెబుతున్నది కాదు. మన ఇళ్ళలో సఫర్ నెల అశుభమని, ముఖ్యంగా మొదటి పదమూడు రోజులు ‘తేరాతేజీ’ అని పెండ్లిళ్ళు ఆపుకోవడం లేదా? సఫర్ నెలలో అపశకునమేదీ లేదని దైవప్రవక్త (స) స్పష్టంగా చెప్పినా ఆ భయం పోలేదు. గ్రహణ సమయాన గర్భిణి కత్తి పట్టుకోరాదని, కదలరాదని మన పెద్దమ్మలు కూడా కట్టడి చేస్తారు. రెండు కొలతలనూ ఇక్కడ పెట్టి చూద్దాము. సూర్యగ్రహణం రోజున చంద్రుని ద్రవ్యరాశి పెరగలేదు. దూరం కూడా మామూలు అమావాస్యలలో ఉండే హద్దులలోనే ఉన్నది. ఆకర్షణ ఇతర అమావాస్యలవలెనే ఉన్నది. అదనంగా వచ్చింది నీడ ఒక్కటే. మన శరీరం మీద చంద్రుని లాగుడు భూమి లాగుడులో సుమారు మూడు లక్షల వంతు. నీడ గర్భస్థ శిశువును తాకదు. గర్భిణిని గంటల తరబడి ఆకలితో, దాహంతో ఉంచితే మాత్రం నిజంగానే హాని కలుగుతుంది. గ్రహణ వేళ నిజంగా పాటించవలసిన జాగ్రత్త సూర్యుని వైపు వట్టి కళ్ళతో చూడకపోవడం.

దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీమ్ పసితనంలో మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే గ్రహణం వచ్చిందని ప్రజలు చెప్పుకున్నారు. ఒక నాయకుడు తన కీర్తికి ఉపయోగపడే ఆ మాటను మౌనంగా వదిలివేయవచ్చు. పుత్రశోకంలో ఉన్న తండ్రి దానిని ఓదార్పుగా కూడా స్వీకరించవచ్చు. ఆయన (స) అలా చేయలేదు. సూర్యచంద్రులు దైవసూచనలని, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని ప్రకటించి, ప్రజలను నమాజు వైపు మళ్ళించారు. సహీహ్ బుఖారీలోని ఈ సంఘటన మనకు రెండు విషయాలు కలిపి నేర్పుతున్నది: ఆకాశాన్ని చూసి దైవాన్ని స్మరించాలి, ఆకాశం పేరుతో అబద్ధాన్ని అంగీకరించరాదు.

ఇంటిలో మొదలుపెట్టవచ్చు

రాబోయే నెలలో పిల్లలతో కలిసి ఒక చిన్న పని చేయవచ్చు. తీరానికి దగ్గరగా ఉన్నవారు హిజ్రీ క్యాలెండరులో 2, 8, 15, 22 తేదీల పోటు వేళలను, నీరు ఎక్కిన గుర్తును వ్రాసుకోవచ్చు. దూరంగా ఉన్నవారు పత్రికలో వచ్చే చంద్రోదయ వేళను ప్రతి రోజూ గమనించవచ్చు. నెల తిరిగేసరికి చంద్రుడు, సముద్రం, తేదీ మూడూ ఒకే లెక్కలో నడుస్తున్నాయని పిల్లలు తమంతట తామే తెలుసుకుంటారు. మనం వివరించి చెప్పిన దానికన్నా అది ఎక్కువ కాలం నిలుస్తుంది.

సూరా అర్రహ్మాన్‌లో 5వ ఆయతు నుండి 9వ ఆయతు వరకు చదివినప్పుడు ఒక క్రమం కనిపిస్తుంది. సూర్యచంద్రుల లెక్క, ఎత్తబడిన ఆకాశం, త్రాసు వరుసగా వచ్చి, చివరకు మాట మన చేతిలోని తూకం దగ్గరకు చేరుతుంది. ఆకాశాన్ని నిలిపిన కొలత ఎంత నిక్కచ్చిగా ఉన్నదో చూపించి, మీ తూకం కూడా అలాగే ఉండాలని మనకు ఆజ్ఞ ఇవ్వబడింది. అంగడిలో సరకు తూచేటప్పుడు, విన్న వార్తను నమ్మేటప్పుడు, కూతురికో కొడుకుకో సంబంధం చూసేటప్పుడు, పూర్వుల ఘనతను చెప్పుకునేటప్పుడు ఆ ఆజ్ఞ వర్తిస్తుంది. సృష్టిలో ఏ వస్తువుకూ దానికి రావలసిన దానికన్నా ఎక్కువ లాగుడు ఇవ్వబడలేదు, తక్కువా చేయబడలేదు. ఆ న్యాయం మన తూకంలో కూడా ఉండేలా అల్లాహ్ మనకు సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.